ఊరు పేరు లేని అంకెలు

ఈ మధ్య మోటారు కార్ల ప్రకటనలలో ధర కంటెను, రంగు కంటెను ముందుగా నక్షత్రములు కనబడుచున్నవి. 2023వ సంవత్సరము ఆగస్టు నెలలో కేంద్ర ప్రభుత్వము 'భారత్ ఎన్‌క్యాప్' అను పరీక్షా విధానమును ప్రారంభించెను. అక్టోబరు 1వ తేది నుండి అది అమలులోనికి వచ్చినది. కారును గంటకు 64 కిలోమీటర్ల వేగముతో ఒక అడ్డుకట్టకు ఢీకొట్టించి, లోపల కూర్చుండబెట్టిన బొమ్మలకు ఎంత దెబ్బ తగిలినదో కొలుతురు. ప్రక్కనుండి తగులు దెబ్బకు వేరే పరీక్ష కలదు. ఈ కొలతలనుబట్టి నక్షత్రములు నిర్ణయింతురు; ఐదు వచ్చినచో మొదటి తరగతి. కొనువారికి తెలిసినది ఈ ఢీ ఒక్కటే. కాని ఆ కారు ఆ అడ్డుకట్ట యెదుటికి వచ్చుటకు ముందే వందల, వేల పర్యాయములు ఢీకొని యుండును. ఆ ఢీలలో ఇనుము వంగలేదు, అద్దము పగులలేదు, చప్పుడైనను కాలేదు. అవి కంప్యూటరులో జరిగిన ఢీలు. వానినే ఇంజనీర్లు 'సిమ్యులేషను' అందురు.

ఈ పని చేయు పిల్లలు నేడు మన తెలుగు కుటుంబములలో తక్కువ మంది లేరు. హైదరాబాదు, బెంగుళూరు, పూనా నగరములలో కూర్చుండి జర్మనీ, అమెరికా దేశముల కార్లకును విమానములకును ఈ లెక్కలు చేయుచున్నారు. మీ అబ్బాయి ఏమి పని చేయునని అడిగినచో తల్లిదండ్రులు 'కంప్యూటరు పని' అని ఊరకుందురు. ఆ పనిలో బయటివారికి బొత్తిగా కనబడని భాగమొకటి కలదు. చేసిన లెక్కలను పదిలపరచి, అడిగినప్పుడు వాని పుట్టుపూర్వోత్తరములతో సహా బయట పెట్టుటయే ఆ భాగము. దానికి కంపెనీలు పెట్టుకొన్న పేరు 'సిమ్యులేషను డేటా మేనేజిమెంటు'. పేరు క్రొత్తది. విషయము మన కరణముల దస్త్రములంత పాతది.

మొదట సిమ్యులేషను ఎట్లు జరుగునో కొంచెము చూతము. ఒక దూలము ఎంత బరువు మోయునో చెప్పుటకు కాలేజీ పుస్తకములోని సూత్రము చాలును. కాని కారు తలుపు దూలము కాదు. వంపులును, రంధ్రములును, అతుకులును గల రేకు. అట్టి ఆకారమునకు సూత్రము లేదు. కావున ఇంజనీరు ఆ రేకును కంప్యూటరులో వేలకొలది చిన్న పలకలుగా భాగించును. చూచుటకు బొమ్మపై వల కప్పినట్లుండును. దాని పేరును వలయే, 'మెష్'. ఒక్కొక్క పలక చిన్నది, సరళమైనది. దాని నడవడి సూత్రమునకు లొంగును. ఒక పలక కదలినచో పొరుగు పలక ఎంత కదలునో, దాని పొరుగు ఎంత కదలునో కలిపి లెక్కించి, మొత్తము వస్తువు ఎట్లు వంగునో తేల్చుదురు. టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అను నలుగురు 1956లో ప్రకటించిన వ్యాసము ఈ పద్ధతికి మూలములలో ముఖ్యమైనది. 'ఫైనైట్ ఎలిమెంటు' అను పేరును 1960లో క్లఫ్ పెట్టెను.

కారు ఢీకి ఈ పద్ధతిని పట్టించుట మరికొంత ఆలస్యముగా జరిగినది. 1986లో జర్మనీలోని కార్ల కంపెనీలు కలిసి ఫోక్స్ వాగన్ పోలో కారును కంప్యూటరులో గోడకు ఢీకొట్టించినవి. అందు వాడిన ముక్కలు సుమారు 5,500. లెక్క ముగియుటకు ఒక రాత్రి చాలినదని ఆనాడు గొప్పగా చెప్పుకొనిరి. నేడు ఒక కారు నమూనాలో 50 లక్షలు, కోటి ముక్కలుండుట వింత గాదు. ఢీ అంతయు సెకనులో పదవ వంతు, కొంచెము అటు ఇటుగా ముగియును. ఆ కొద్ది కాలమును కంప్యూటరు సెకనులో పది లక్షలవ వంతు చొప్పున అడుగులు వేయుచు నడచును. అనగా లక్షకు పైగా అడుగులు, అడుగడుగునను కోటి ముక్కల లెక్క. రాత్రి పని అప్పగించి ఇంటికి పోయిన ఇంజనీరు ఉదయము వచ్చి ఫలితము చూచుకొనును.

ఫలితము చివరకు ఒక అంకెగా వచ్చును. స్టీరింగు చక్రము ఇన్ని మిల్లీమీటర్లు వెనుకకు వచ్చినది. బొమ్మ ఛాతీ ఇంత నొక్కుకొన్నది. పై అధికారికి కావలసినది ఆ అంకెయే. కాని ఆ అంకె వెనుక ఇంజనీరు చేసిన నిర్ణయములు వందలు కలవు. వల కన్నులు ఎంత చిన్నవిగా వేసెను? ఉక్కు బలమును ఏ పరీక్షనుండి తీసికొనెను? అతుకును అతుకుగానే చూపెనా, అది ఊడదని భావించెనా? రేకు మందము 1.2 మిల్లీమీటర్లా, 1.4 మిల్లీమీటర్లా? ఇవి తెలియని అంకె ఊరు పేరు లేని బాటసారి వంటిది. మంచివాడే కావచ్చును, ఇంట పడుకొనుటకు చోటిచ్చువారు మాత్రము ఉండరు.

వల కన్నుల మాట చిన్నది కాదని చూపుటకు నార్వే దేశపు కథ ఒకటి చాలును. సముద్రమునుండి వాయువు తీయుటకై అక్కడ 'స్లైప్నర్ ఎ' అను మహావేదికకు కాంక్రీటు పునాది కట్టిరి. 1991 ఆగస్టు 23వ తేదీని స్టవాంగర్ నగరము చెంత గాండ్స్ ఫియర్డు అను సముద్రపు పాయలో ఆ పునాదిని కొంచెము కొంచెముగా నీట ముంచుచుండగా, సుమారు 65 మీటర్ల లోతున ఒక గోడ పగిలెను. నిమిషముల మీద కట్టడమంతయు అడుగునకు పోయి ముక్కలై పోయినది. ప్రాణనష్టము లేదు, నష్టము మాత్రము సుమారు 70 కోట్ల డాలర్లు. విచారణలో తేలినదేమనగా, గదుల గోడలు కలియు చోట వల ముతకగాను, వంకరగాను ఉండుటచేత అక్కడి కోత బలమును లెక్క 47 శాతము తక్కువగా చూపినది; గోడయు, అందలి ఇనుప ఊచలును ఆ మేరకు చాలకపోయినవి. సన్నని వలతో మరల లెక్కింపగా గోడ 62 మీటర్ల లోతున పగులవలెనని వచ్చినది. కంప్యూటరు తప్పు చెప్పలేదు; అడిగినదానికి జవాబిచ్చినది. అడిగిన తీరు ఎట్టిదో కాగితము మీది అంకెనుబట్టి ఎవ్వరికిని తెలియలేదు.

ఇక కంపెనీలోని దినచర్యకు వత్తము. ఒక కారునకు ముందు ఢీ, ప్రక్క ఢీ, వెనుక ఢీ, పైకప్పు నొక్కుడు, తలుపు తీయుట వేయుట, చప్పుడు, అదురు, వేడి అని పరీక్షలు పలు తెఱగులు. వానికి తోడు పెట్రోలు బండి, డీజిలు బండి, బ్యాటరీ బండి. కుడివైపు చక్రము, ఎడమవైపు చక్రము. రూపకల్పన వారము వారము మారుచుండును. వీనిని ఒకదానితో ఒకటి హెచ్చవేసి చూచినచో, ఒక్క బండికే లెక్కలు వేలలోనికి ఎట్లు పోవునో అర్థమగును. ఒక్కొక్క లెక్క ఫలితము అనేక గిగాబైట్ల పరిమాణము గలది. చిత్రకారుని బల్లపై ఒక భాగమునకు ఒక చిత్రము, మార్చినప్పుడు ఒక క్రొత్త సంఖ్య. చిత్రముల భద్రతకు కంపెనీలలో చిరకాలమునుండి ఏర్పాటులు కలవు. లెక్కల సంగతి అట్లు గాదు. ఒక చిత్రమునకు ఇరువది నమూనాలు, ఒక నమూనాకు ఏబది ఢీలు. చిత్రముల బీరువాలో ఇవి ఇముడవు.

ఇముడనివి ఎక్కడికి పోవును? ఇంజనీరు తన కంప్యూటరులో ఒక సంచి తెరచి అందు పెట్టును. దానికి 'ఫైనల్' అని పేరు. మరునాడు మార్పు వచ్చును, 'ఫైనల్ 2'. ఆ పై వారము 'కొత్త ఫైనల్'. అటుపై 'ఇదే ఫైనల్'. ఈ వృత్తిలోనివారు ఈ మాట విని నవ్వుదురు. నవ్వని వానికి ఆ వృత్తి తెలియదన్నమాట. ఆరు నెలలు గడచును. ఆ పిల్లవాడు వేరొక కంపెనీకి పోవును. ఒకనాడు పరీక్షశాలలో నిజమైన కారు ఢీకొట్టినప్పుడు తలుపు చట్రము ఊహింపని చోట మడత పడును. మన లెక్కలో ఇట్లు రాలేదే యని ప్రశ్న పుట్టును. ఏ లెక్క? మందము 1.2 పెట్టి చేసినదా, 1.4 పెట్టి చేసినదా? నాలుగు ఫైనళ్లు ఎదుట నిలుచును. నాలుగింటిని విప్పి చూచుటకు వారము దినములు పట్టును. ఒక్కొక్కప్పుడు వెదకుట కంటె మరల చేయుటయే మేలని అంతయు మొదటినుండి చేయుదురు.

ఈ బాధ ఆకాశవాణిలో పనిచేయు మా బోటివారికి తెలియనిది గాదు. టేపు ఎంత మంచిదైనను, పెట్టెపై చీటి లేనిచో అది ఉండియు లేనిదే. పాడినది ఎవరు, ఏ తేదీని, ఎన్ని నిమిషములు, ప్రసారహక్కు ఉన్నదా లేదా అను నాలుగు ముక్కలు లేక ఒక మహావిద్వాంసుని కచేరీ అయినను ప్రసారమునకు పనికిరాదు. మన పూర్వులకును ఇది తెలియును. తాళపత్ర గ్రంథము నకలు చేసిన వ్రాయసకాడు చివర తన పేరు, ఊరు, సంవత్సరము, తిథి, వారము వ్రాసికొనెడివాడు. బ్రౌను దొర తెలుగు కావ్యములకు పలు ప్రతులు తెప్పించి పండితులచే సరిపోల్పించినప్పుడు, ఏ ప్రతి ఎక్కడిదో తెలియుట ఎంత అవసరమో పండితులకు వేరుగా చెప్పనక్కర లేకపోయెను.

లెక్కకు చీటి లేకపోవుట ఒక బాధ. చీటి ఉండియు చదువబడకపోవుట మరియొకటి. ఇది మొదటిదాని కంటె ప్రమాదకరము. దీనికి నిదర్శనము మన దేశమువారు మరువజాలని దుర్ఘటన.

2003 జనవరి 16వ తేదీని కొలంబియా వ్యోమనౌక అమెరికాలో బయలుదేరిన సుమారు 82 సెకనులకు, ఇంధనపు తొట్టి మీదినుండి నురుగు ముక్క యొకటి ఊడి ఎడమ రెక్క అంచునకు తగిలెను. ముక్క బరువు కిలోగ్రాము కంటె తక్కువ. తగిలిన వేగము గంటకు సుమారు 800 కిలోమీటర్లు. నౌక భూమి చుట్టును తిరుగుచుండగా, దెబ్బ ఎంతటిదో క్రింది ఇంజనీర్లు లెక్కతో తేల్చవలసి వచ్చెను. రెక్క క్రింది పెంకులకు తగులు దెబ్బల కొరకు వారి యొద్ద 'క్రేటర్' అను గణన సాధనము కలదు. దానిని చిన్న చిన్న ముక్కలతో చేసిన పరీక్షలతో సరిచూచి యుండిరి. ఆ పరీక్షలలోని నురుగు ముక్క పరిమాణము 3 ఘనపు అంగుళములు. కొలంబియాకు తగిలినది దానికి కొన్ని వందల రెట్లు. లెక్క చేసిన ఇంజనీరు అంతకుముందు ఆ సాధనమును వాడినది రెండు పర్యాయములే. దెబ్బ పెంకు మందమును మించి లోతునకు దిగునని లెక్కలో వచ్చినది. కాని ఆ సాధనము ఎప్పుడును ఎక్కువ చేసియే చెప్పునను నమ్మకము కలదు. ఆ నమ్మకముతో జవాబును తగ్గించి చదువుకొనిరి.

హెచ్చరిక ఎక్కడను లేకపోలేదు. అధికారులకు చూపిన పత్రములో, ఇది పరీక్షల పరిధికి చాల బయట అను మాటయు, ఆ 3 ఘనపు అంగుళముల అంకెయు ఉండినవి. కాని పుట అట్టడుగున, చిన్న అక్షరములలో. పై మెట్టునకు పోయిన కొలది ఆ పంక్తి జారిపోయి, నౌకకు ప్రమాదము లేదను సారాంశము మిగిలినది. ఫిబ్రవరి 1వ తేదీని తిరిగి వచ్చుచు కొలంబియా టెక్సాసు మీద ఆకాశముననే విచ్ఛిన్నమయ్యెను. మన కర్నాలులో పుట్టిన కల్పనా చావ్లాతో కలిసి ఏడుగురు మరణించిరి. ఆ జూలై 7వ తేదీని అట్టి నురుగు ముక్కనే అట్టి రెక్క అంచు పలకకు కొట్టి చూడగా, అడుగునకు మించిన వెడల్పు గల రంధ్రము పడినది. ఈ దుర్ఘటనకు కారణములు పెక్కు. విచారణ సంఘము వానిని విపులముగా చెప్పినది. అందు మేము ఇక్కడ ఎత్తి చూపునది ఒక్కటే. అంకె మెట్లెక్కినది, దాని హద్దులు మెట్ల క్రిందనే ఉండిపోయినవి.

తరువాత 2008లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, నమూనాలకును సిమ్యులేషనులకును ఒక ప్రమాణపత్రమును వెలువరించెను. దాని సంఖ్య 7009. ఒక లెక్కను ఎంతవరకు నమ్మవచ్చునో ఎనిమిది అంశములలో తూచి చెప్పవలెనని అందులో కలదు. లెక్క గణితరీత్యా సరియైనదా, నిజమైన పరీక్షతో పోల్చిరా అనునవి ఎవరికైనను తోచును. మాకు ముచ్చట గొలిపినవి తక్కినవి. నమూనాలో పెట్టిన అంకెల వంశావళి ఏది? ఇంతకుముందు దీనిని ఇట్టి పనికి వాడిరా? చేసినవారి యోగ్యత ఏమి? దస్త్రము సరిగా నిర్వహింపబడినదా? దస్త్ర నిర్వహణ గుమాస్తా పని యని త్రోసివేయువారు, ప్రాణములతో చెలగాటమాడు సంస్థ దానిని గణితముతో ఒకే వరుసలో కూర్చుండబెట్టినదని గమనింపవలెను.

సరే, కంపెనీలో ఈ ఏర్పాటు ఎట్లుండును? ఆంధ్రదేశపు అడంగలునో, తెలంగాణపు పహాణీనో చూచినవారికి ఇది సులభముగా బోధపడును. ప్రతి చేనునకు ఒక సర్వే నంబరు. దాని యెదుట పట్టాదారు ఎవరు, సాగు చేయునది ఎవరు, పైరు ఏది, నీరు ఎక్కడిది. ఇక్కడ ప్రతి లెక్కకు ఒక సంఖ్య. దాని యెదుట, ఏ చిత్రమునుండి వచ్చినది, చిత్రము ఎన్నవ మార్పు, ఉక్కు అంకెలు ఏ పరీక్షవి, లెక్క నడిపిన ప్రోగ్రాము ఏది, దాని సంచిక ఏది, ఎన్ని ప్రాసెసర్ల మీద నడచినది, చేసినది ఎవరు, ఒప్పుకొన్నది ఎవరు. ప్రాసెసర్ల సంఖ్య ఎందుకని అడుగవచ్చును. ఒకే ఢీని వేర్వేరు సంఖ్యల ప్రాసెసర్లపై నడిపినచో జవాబులో స్వల్పభేదము వచ్చుట కలదు. కూడిక వరుస మారుటయే అందుకు కారణము. ఒక్కొక్కప్పుడు ఆ స్వల్పభేదమే రేకు ఈ వైపు మడుగునా, ఆ వైపు మడుగునా అను దానిని నిర్ణయించును.

ఒకసారి నమోదైన లెక్కను ఎవ్వరును దిద్దరాదు. మార్పు కావలెనన్నచో క్రొత్త సంఖ్యతో క్రొత్త లెక్క. పాతదానికిని క్రొత్తదానికిని గల బాంధవ్యమును యంత్రమే వ్రాసికొనును. ఈ బాంధవ్యపు వరుస వలన కలుగు మేలు ఒకటి చెప్పెదము. పరీక్షశాలలో ఒక ఉక్కు రకమునకు కట్టిన బల ప్రమాణము తప్పని నేడు తెలిసినదనుకొందము. ఆ అంకెను ఎవరెవరు ఏ యే లెక్కలలో వాడిరి? సంచులలో వెదకినచో సంవత్సరము పట్టును, అప్పటికిని కొన్ని దొరకవు. వంశావళి యున్నచో మధ్యాహ్న భోజనమునకు ముందే పట్టిక చేతికి వచ్చును. ఈ ఏర్పాటు కొరకు పెట్టిన ధనమంతయు ఆ ఒక్క ఉదయమున తీరిపోవునని చెప్పినను అతిశయోక్తి కాదు.

ఈ మార్గమున ముందుగా నడచిన వారిలో జర్మనీ కార్ల కంపెనీలు కలవు. బి.ఎం.డబ్ల్యు. కంపెనీ 'సి.ఎ.ఇ. బెంచ్' అను పేర తన ఇంజనీర్ల కొరకు ఇట్టి ఏర్పాటు చేసికొనెను. ఇప్పుడు ఈ పనికై తయారుగా అమ్ము సాఫ్టువేరులు పలువిధములు కలవు. అయినను కొనుట వేరు, నెలకొల్పుట వేరు. బీరువా కొన్నంత మాత్రమున ఇల్లు సర్దుకొనదు.

కంపెనీలు సాధారణముగా పడు గుంట ఇది. ఒక సంఘము కూర్చుండి, ప్రతి లెక్కకు నలువది గడులు గల పట్టిక తయారు చేయును. ఎవరికి ఏది ఎప్పుడు అవసరము కలుగునో యని అన్నియు చేర్చుదురు. సాయంకాలము ఆరు గంటలకు లెక్క పంపి ఇంటికి పోవలెనని తొందరలో నున్న ఇంజనీరు ఆ నలువది గడులను ఏమి చేయును? 'ఇతరములు', 'ఇతరములు' అని నింపును. ఏడాది తరువాత వెదకినచో దస్త్రమునిండ ఇతరములే. గడులు తక్కువ కావలెను. వానిలో అధికభాగమును యంత్రమే నింపవలెను. ప్రోగ్రాము సంచిక, తేదీ, చిత్రపు సంఖ్య మొదలగునవి దస్త్రములోనుండి తానే తీసికొనగలదు. ఇంజనీరును అడుగవలసినది యంత్రమునకు తెలియని దానినే: ఈ లెక్క ఎందుకు చేసితివి? ఏమి తెలిసికొన గోరితివి? ఈ రెండు వాక్యములు ఆరు నెలల తరువాత బంగారమగును.

రెండవది, అన్ని శాఖలలో ఒక్కనాడే ప్రవేశపెట్టవలెనను తహతహ. ఒక శాఖతో, ఒకే రకపు పరీక్షతో, ప్రతి వారము మరల మరల జరుగు పనితో మొదలిడుట మేలు. ఇంజనీరునకు దాని వలన ఏదైన సుఖము వెంటనే కనబడవలెను. లెక్క ముగిసిన వెంటనే వక్రరేఖలు, చిత్రములు చేర్చిన నివేదికను యంత్రమే తయారు చేసి ఇచ్చినచో, అంతవరకు సగము దినము ఆ పనికి వెచ్చించుచున్న పిల్లవాడు చీటి వ్రాయుటకు గొణగడు. ఉపన్యాసములు నూరు చెప్పినను ఈ పని జరుగదు. ఇంకొక కిటుకు పెద్దల చేతిలో నున్నది. వారపు సమీక్షాసమావేశములో దస్త్రమున నమోదైన ఫలితమునే చూతుము, చేతిలో తెచ్చిన బొమ్మలను చూడమని ముఖ్య ఇంజనీరు ఒక్క నెల పట్టుపట్టి కూర్చున్నచో చాలును.

పాత లెక్కలను ఏమి చేయవలెను? అన్నియు లోనికి తేవలెననువారు కలరు. మేము ఈ పక్షమున లేము. ఊరు పేరు తెలియని వానికి ఇప్పుడు కూర్చుండి ఊరు పేరు కల్పించుట చీటి లేకుండుట కంటె హానికరము. నేటికిని రోడ్డుమీద తిరుగుచున్న బండ్లకు ఆధారమైన లెక్కలను, చేసినవారు ఇంకను కంపెనీలో ఉన్నంతలో, వారిచేతనే చీటీ వ్రాయించి చేర్చుకొనిన చాలును. తక్కినవి పాత కొట్టులోనే ఉండవచ్చును.

అన్నిటికంటె సున్నితమైనది విఫలమైన లెక్కల సంగతి. పది లెక్కలు చేసి ఒకటి ఫలించినచో ఆ ఒక్కటే దాచుకొనుట మానవ స్వభావము. ఏ దారిన పోయినచో గోడ తగులునో చెప్పునవి ఆ తొమ్మిదియే. వానిని చెరిపివేసినచో మరుసటి ఏడాది వచ్చిన క్రొత్తవాడు ఆ తొమ్మిది దారులను తిరిగి త్రొక్కును. కాని వానిని దస్త్రములో పెట్టుటకు ఇంజనీరు వెనుకాడును. ఎవరి లెక్కలు ఎన్ని విఫలమైనవో యజమాన్యము పట్టిక తీయునని అతని భయము. ఆ భయము నిరాధారము గాదు. యంత్రమున్న చోట పట్టికలు తీయబుద్ధి పుట్టును. కావున ఈ దస్త్రము పనివారి యోగ్యతను కొలుచుటకు వాడబడదని యజమాన్యము మొదటి దినముననే వ్రాతమూలకముగా చెప్పి, ఆ మాట నిలుపుకొనవలెను. ఒక్కసారి తప్పినచో ఆ నాటితో నిజమైన చీటీలు నిలిచిపోవును. అందరి లెక్కలును ఫలించుచుండును!

దేశము దేశము కలిసి పనిచేయు చోట ఈ అవసరము ఇంకను హెచ్చు. జర్మనీలో చిత్రము, పూనాలో వల, హైదరాబాదులో లెక్క, మరల జర్మనీలో తీర్పు. అక్కడ తెల్లవారునప్పటికి ఇక్కడ మధ్యాహ్నము కావచ్చుచుండును. ప్రక్క బల్లవానిని అడిగి తెలిసికొను సౌకర్యము లేదు కనుక, చీటియే మాటాడవలెను. ఇరుపక్షముల కొలమానము ఒకటి కాకపోవుట యను చిన్న లోపమునకే 1999లో అంగారకుని కడకు పోయిన అమెరికా ఉపగ్రహ మొకటి నష్టమయ్యెను. ఒక పక్షము ఇంగ్లీషు పౌను-సెకనులలో త్రోపును వ్రాయగా, రెండవ పక్షము దానిని మెట్రిక్ న్యూటను-సెకనులని చదువుకొన్నది. మన పిల్లలు దూరమునుండి చేయు పనికి గౌరవము వచ్చునది కేవలము తెలివి వలననే కాదు. వారి లెక్కను చూచిన అవతలివాడు రాత్రివేళ టెలిఫోను చేయవలసిన పని లేకుండుట వలన.

చివరకు మిగులునది కాలము. ఐరోపా దేశముల చట్టమున వస్తువు లోపమునకు తయారు చేసినవారి బాధ్యత సామాన్యముగా పదేండ్ల వరకు నిలుచును. విమానముల ఆయువు ఇంకను ఎక్కువ. 1962లో కట్టుట ముగిసిన బి-52 బాంబరు విమానములు నేటికిని ఎగురుచున్నవి. లెక్క చేసిన ప్రోగ్రాము అంత కాలము బ్రతుకదు. పాత స్పూలు టేపు చెక్కుచెదరక యున్నను దానిని త్రిప్పు యంత్రము దొరకని దుఃఖము మా శాఖవారికి తెలిసినదే. కావున భారీ ఫలితములనన్నిటిని దాచుట కంటె, నమూనాను, చీటిని, ముఖ్యమైన వక్రరేఖలను ఏ ఒక్క కంపెనీ సాఫ్టువేరునకును కట్టుబడని సామాన్యరూపమున దాచుట మేలు. అంతర్జాతీయ ప్రమాణము 10303లో 209వ విభాగము ఇట్టి పనికే ఏర్పడినది. కొన్ని ఏండ్లకొకసారి పాత లెక్క నొకదానిని ఎన్నుకొని, అది చేసినవాడు కాని క్రొత్త ఉద్యోగి చేతికి చీటితో సహా ఇచ్చి, మరల నడిపి అదే జవాబు తెమ్మని అడుగవలెను. తెచ్చినచో దస్త్రము బ్రతికియున్నది. తేలేక చీటిలో ఏమి కొరవడినదో అతడు చెప్పినచో, మరునాటినుండి ఆ గడిని పట్టికలో చేర్చవచ్చును.